ఏ విద్య నేర్చినవారు గెలుస్తారు? – పోరాట క్రీడలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా హాస్టల్లో వారాంతాల్లో అందరం కలిసి యూఎఫ్‌సీ పోటీలు చూస్తాం. బ్రెజిలియన్ జియు-జిట్సు ముందు మిగతా యుద్ధవిద్యలన్నీ దండగేనని, ఆ సంగతి 1993లోనే తేలిపోయిందని మా మిత్రుడొకడు ప్రతిసారీ వాదిస్తాడు. అతని మాటలో నిజమెంత?
– ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: మీ మిత్రుడు చెబుతున్నది 1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వర్ నగరంలో జరిగిన మొదటి యూఎఫ్‌సీ టోర్నమెంటు గురించి. గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ చెల్లే మిశ్రమ పోరాట క్రీడను ఎంఎంఏ అంటారు; పంజరంలాంటి బరిలో ఆ పోటీలు నడిపే అమెరికన్ సంస్థే యూఎఫ్‌సీ. ఎనిమిది మంది యోధులు, బరువు విభాగాలు లేవు, ఫైనల్‌తో సహా అన్నీ ఒకే రాత్రిలో ముగియాలి. నేలమీద పట్టు బిగించి లొంగదీసే బ్రెజిలియన్ జియు-జిట్సు నేర్చిన, సుమారు 80 కిలోల బరువుండే రాయిస్ గ్రేసీ వరుసగా ముగ్గురిని లొంగదీసుకుని గెలిచాడు. మొదటి ప్రత్యర్థి ఆర్ట్ జిమ్మర్సన్ వృత్తి బాక్సర్. ఒక చేతికి గ్లవ్ తొడుక్కుని, రెండో చేతిని ఖాళీగా ఉంచుకుని బరిలోకి దిగాడు. గ్రేసీ అతణ్ణి పడేసి మీద కూర్చోగానే, గొంతు మీదగానీ చేతి మీదగానీ ఏ పట్టూ బిగియకముందే, జిమ్మర్సన్ నేలను తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. చూసినవారికి జియు-జిట్సు మంత్రవిద్యలా కనబడటంలో వింత లేదు.

అయితే ఆ రాత్రి రుజువైంది ఏమిటో కొంచెం జాగ్రత్తగా చూడాలి. వెల్లకిలా పడ్డాక ఏం చేయాలో ఎన్నడూ అభ్యసించని మనిషి, జీవితమంతా అదే అభ్యసించిన మనిషి చేతిలో నిస్సహాయుడవుతాడని రుజువైంది. అంతకు మించి రుజువైంది తక్కువ. (పోటీని తలపెట్టినవారిలో రాయిస్ అన్నగారు రోరియన్ గ్రేసీ ఒకరన్న సంగతిని కూడా అభిమానులు తరచూ మరచిపోతుంటారు.) ఆ అజ్ఞానం ఎంతోకాలం నిలవలేదు. 1996లో మార్క్ కోల్మన్ అనే అమెరికన్ రెజ్లర్ వరుసగా రెండు టోర్నమెంట్లు గెలిచి, ఇక పడేసి పైనుంచి గుద్దేవారిదే రాజ్యమనిపించాడు. మరుసటి ఏడాది జులైలో ఆ కోల్మన్‌నే మారిస్ స్మిత్ అనే కిక్‌బాక్సర్ ఓడించాడు. స్మిత్ ఆ పోటీకి కొత్త తన్నులు నేర్చుకుని రాలేదు. కింద పడ్డప్పుడు ప్రత్యర్థిని కాళ్ల మధ్య బంధించి దెబ్బలు కాచుకోవడం, అదను చూసి మళ్లీ లేచి నిలబడటం నేర్చుకుని వచ్చాడు. కోల్మన్ అలసిపోయిన తర్వాత మిగిలింది స్మిత్ సొంత ఆటే. 2006లో రాయిస్ గ్రేసీ తిరిగి వచ్చి మాట్ హ్యూస్‌తో తలపడినప్పుడు మొదటి రౌండ్‌లోనే ఓడిపోయాడు. హ్యూస్ మూలతః రెజ్లరే గానీ, అప్పటికి గ్రేసీల విద్యలోని ఉచ్చులన్నీ అతనికి తెలుసు.

ఇంకా వెనక్కి వెళ్తే, ఆ విద్య బ్రెజిల్ చేరింది మిత్సుయో మయేదా అనే జపాన్ జూడో యోధుడి ద్వారా. 1951లో రియోలో జరిగిన పోటీలో జూడో దిగ్గజం మసాహికో కిమురా, రాయిస్ తండ్రి హీలియో గ్రేసీ చేతిని మెలివేసి విరిచి గెలిచాడు. ఆ పట్టుకు గెలిచినవాని పేరే నిలిచిపోయింది; నేటికీ జియు-జిట్సు బడుల్లో దాన్ని ‘కిమురా’ అనే నేర్పుతారు. తమవాడిని ఓడించిన పట్టును సైతం పాఠంగా స్వీకరించిన ఆ విద్యను అడ్డుపెట్టుకుని మిగతా విద్యలను దండగనడం నాకు విచిత్రంగా తోస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు. ఆరేళ్లు కరాటే నేర్చుకుని ఈ మధ్యే బ్లాక్ బెల్ట్ తెచ్చుకున్నాడు. కరాటే డ్యాన్సు లాంటిదని, నిజమైన ఫైట్‌లో పనికిరాదని వాళ్ల మామయ్య అన్నప్పటి నుంచి క్లాసుకు వెళ్లనని మొండికేస్తున్నాడు. వాడికి ఏం చెప్పమంటారు?
– గృహిణి, కాకినాడ

జవాబు: వాళ్ల మామయ్యగారి మాటలో సగం నిజం ఉందమ్మా, అయితే ఆ తప్పు కరాటేది కాదు, చాలాచోట్ల దాన్ని నేర్పే పద్ధతిది. గాలిలోకి వరుస తప్పకుండా దెబ్బలు విసిరే కటా అభ్యాసం ఒంటికి కుదురునిస్తుంది, అడుగును తీర్చిదిద్దుతుంది, కానీ ఎదుటి మనిషి మనం అనుకున్న చోట అనుకున్నట్టు నిలబడడు. 1882లో జూడోను నెలకొల్పిన జిగోరో కానో ఈ సంగతిని బాగా గ్రహించాడు. ప్రాణాంతకమైన పట్లను పక్కనపెట్టి, పూర్తి బలంతో సాధన చేసినా ప్రమాదం లేనివాటిని ముందుకు తెచ్చి, ఎదురు తిరిగే ప్రత్యర్థితో స్వేచ్ఛగా తలపడే రాందోరీని శిక్షణకు ప్రాణంగా చేశాడు. చూడటానికి మెత్తబడిన ఆ విద్య ఆచరణలో పదునెక్కింది.

టోక్యో ఒలింపిక్స్‌లో 2021 ఆగస్టు 7న జరిగిన 75 కిలోలకు పైబడిన పురుషుల కరాటే ఫైనల్‌ను మీ అబ్బాయికి చూపించండి. సౌదీ అరేబియాకు చెందిన తారెగ్ హమేదీ 4-1 ఆధిక్యంలో ఉండి, ఇరాన్ క్రీడాకారుడు సజ్జాద్ గంజ్‌జాదే తలపై కాలితో కొట్టాడు. గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోతే స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. దెబ్బలో బలం మితిమీరిందని హమేదీని అనర్హునిగా ప్రకటించారు. స్పృహ తప్పినవానికి స్వర్ణం దక్కింది. దెబ్బను తాకీ తాకకముందే అదుపు చేయడమే ఆ క్రీడలో నైపుణ్యం గనుక, ఆ నియమాల ప్రకారం తీర్పు సరైనదే. అదే దెబ్బ యూఎఫ్‌సీలో పడివుంటే పోటీ అక్కడితో ముగిసి, రిఫరీ హమేదీ చేయి పైకెత్తేవాడు. దెబ్బ ఒకటే, కరాటే ఒకటే. మారింది నియమం మాత్రమే.

తండ్రి యోషిజో దగ్గర షోటోకాన్ కరాటే నేర్చుకుంటూ పెరిగిన బ్రెజిల్ యోధుడు ల్యోటో మచీదా 2009లో యూఎఫ్‌సీ లైట్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. దూరాన్ని కొలుచుకుంటూ వెనక్కి జరిగి, ప్రత్యర్థి అడుగు వేసే క్షణంలోనే ముందుకు దూకి కొట్టే అతని తీరు అచ్చంగా కరాటేదే. అయితే అతను సుమో సాధన చేశాడు, జియు-జిట్సులో కూడా బ్లాక్ బెల్ట్ సాధించాడు. సులభంగా పడేయలేని మనిషి గనుకనే అతని కరాటే బయటపడే అవకాశం దొరికింది.

మీ అబ్బాయి చేత కరాటే మానిపించనక్కర్లేదు. ఆసక్తి ఉంటే జూడోగానీ రెజ్లింగ్‌గానీ తోడు చేయండి. తలపై గట్టి దెబ్బలు తగిలే స్పారింగ్ (సాధన పోరు) మాత్రం ఈ వయసులో వద్దేవద్దు. శిక్షణ చూడటానికి వెళ్లినప్పుడు గోడమీది ట్రోఫీలను కాక, తమకన్నా పొడుగైనవారితో, బరువైనవారితో, ముందుగా చెప్పుకోని కదలికలతో పిల్లలు ఎంత తరచుగా తలపడుతున్నారో గమనించండి. రుసుము కట్టిన ప్రతి పిల్లవాడూ పరీక్ష నెగ్గే చోటైతే, బెల్టు రంగును అంతగా పట్టించుకోకండి.

ప్రశ్న: మా తాతగారు పాతబస్తీ తాలీంఖానాలో కుస్తీ పట్టినవారు. నేను యూఎఫ్‌సీ మాజీ ఛాంపియన్ ఖబీబ్ నుర్మగొమెదోవ్ అభిమానిని. మనిషి మీద పడి పడుకోవడం కూడా ఒక పోరాటమేనా అని ఆఫీసులో అందరూ ఎగతాళి చేస్తుంటారు. వారికి ఎలా వివరించాలి?
– ప్రైవేటు ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మీ తాతగారు తప్పక విని ఉండే ఉదంతం ఒకటి ముందు చెబుతాను. 1910 సెప్టెంబరు 10న లండన్‌లో గామా పహిల్వాన్ పోలండ్ మల్లయోధుడు స్టానిస్లాస్ జిబిస్కోతో తలపడ్డాడు. గామా కన్నా బరువైన జిబిస్కో ఆదిలోనే నేలను కరుచుకుని, రెండున్నర గంటలకు పైగా సాగిన పోటీలో దాదాపు ఆ భంగిమ వదల్లేదు. ఫలితం తేలలేదు. వారం తర్వాత జరగాల్సిన పోటీకి జిబిస్కో రానేలేదు. 1928లో పాటియాలాలో ఇద్దరూ మళ్లీ ఎదురుపడ్డప్పుడు గామా నిమిషంలోపే అతణ్ణి చిత్తు చేశాడు. లండన్ పోటీ విసుగు పుట్టించిన మాట నిజమే, కానీ ఆ విసుగుకు కారకుడు పైనున్నవాడా, కిందున్నవాడా? మీ సహోద్యోగులను మొదట ఈ ప్రశ్న అడగండి.

ఖబీబ్ దాగెస్తాన్‌లోని సిల్దీ గ్రామంలో పుట్టాడు. తొలి గురువు తండ్రి అబ్దుల్‌మనాప్. చిన్ననాడు రెజ్లింగ్, తర్వాత జూడో, ఆపైన కాంబాట్ సాంబో నేర్చుకుని, ఈ చివరిదానిలో ప్రపంచ విజేత కూడా అయ్యాడు. సోవియట్ కాలంలో రూపుదిద్దుకున్న సాంబోకు ఈ కాంబాట్ రూపంలో గుద్దులు, పడవేతలు, కీలు పట్లు అన్నీ ఒకే పోటీలో భాగం. కొట్టడం, పడేయడం, బంధించడం అనేవి ఖబీబ్‌కు మూడు వేర్వేరు పాఠాలుగా మిగలలేదు, ఒకదానిలోంచి ఒకటి వచ్చాయి.

అతని పోటీ వీడియోను నెమ్మదిగా నడిపిస్తూ ప్రత్యర్థి ముఖాన్ని కాక కాళ్లను చూడండి. పంజరం గోడకు ఆనుకుని కూలబడిన ప్రత్యర్థి రెండు కాళ్లనూ ఖబీబ్ తన కాళ్లతో చుట్టి ముడివేస్తాడు. లేవాలంటే ప్రత్యర్థి ఒక చేతిని నేలకు ఆనించక తప్పదు. ఆనించిన ఆ చేతి మణికట్టును వీపు వెనకగా లాగి పట్టేస్తాడు. ఇక ముఖాన్ని కాచుకోవడానికి మిగిలింది ఒక్క చేయి, దెబ్బలు అది లేని వైపు నుంచే వస్తాయి. దెబ్బ తప్పించుకోవాలని తిరిగితే వీపు దొరుకుతుంది, వీపు దొరికితే మెడ దొరుకుతుంది. 2018 అక్టోబరు 6న లాస్ వెగాస్‌లో కానర్ మెక్‌గ్రెగర్ నాలుగో రౌండ్‌లో లొంగిపోయింది మెడ మీది పట్టుకే. ఖబీబ్ 2020 అక్టోబరులో 29 పోటీల్లో ఒక్క ఓటమీ లేకుండా విరమించాడు. ఇంత పనిని పడుకోవడం అనడానికి చాలా ధైర్యం కావాలి.

కుస్తీ తెలిసిన ఇంటివారు గనుక మీకు ఆసక్తి కలిగించే తేడా ఇంకొకటుంది. కుస్తీలో భుజాలు నేలకు తగిలితే ఓటమి కాబట్టి, పడుతూనే బోర్లా తిరగడం పహిల్వాన్‌కు ఒంటబట్టిన అలవాటు. పంజరంలో ఆ అలవాటే మెడను ప్రత్యర్థి చేతికి అప్పగిస్తుంది. బాక్సర్‌ది మరొక తంటా: ముందుకాలిపై బరువు మోపి నిలబడటం అతనికి నేర్పిన పద్ధతి, కానీ అదే కాలి పిక్క మీద రెండు తన్నులు పడితే నిలబడటమే కష్టమవుతుంది. యోధుని శిక్షణ నేపథ్యం అని మనం చెప్పుకునేదాన్ని నేను ఇలా అర్థం చేసుకుంటాను: ఊపిరి అందక, ఆలోచన పనిచేయని నిమిషంలో ఒళ్లు తనంతట తాను చేసే పనే అతని నేపథ్యం. పోటీకి ముందు పరిచయంలో చదివే బిరుదుల కన్నా దాన్ని మూడో రౌండ్ చివర్లో స్పష్టంగా చూడవచ్చు.

విసుగు పుట్టించే పట్ల పోటీలు లేవని నేను అనను. పైచేయి సాధించి, ఆపైన ఏమీ చేయకుండా గంట మోగేదాకా కాలక్షేపం చేసేవారున్నారు. కేవలం కిందపడేసినందుకు కాక, ఆ తర్వాత జరిగినదానికి న్యాయనిర్ణేతలు విలువ ఇవ్వాలని, కదలిక ఆగిపోతే రిఫరీ ఇద్దరినీ లేపి నిలబెట్టవచ్చని నియమాలు చెబుతున్నది వారిని దృష్టిలో పెట్టుకునే.

ప్రశ్న: బాక్సింగ్ ఛాంపియనూ ఎంఎంఏ ఛాంపియనూ తలపడితే ఎవరు గెలుస్తారు?
– దుకాణదారు, విజయవాడ

జవాబు: నియమాలు ఎవరివైతే వారే, దాదాపు ఎప్పుడూ. 2010లో మాజీ బాక్సింగ్ ఛాంపియన్ జేమ్స్ టోనీ యూఎఫ్‌సీలోకి వస్తే, యూఎఫ్‌సీ యోధుడు రాండీ కూచూర్ అతని కాలు అందుకుని పడేసి మొదటి రౌండ్‌లోనే ముగించాడు. 2017లో మెక్‌గ్రెగర్ బాక్సింగ్ రింగులోకి వెళ్తే బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్ పదో రౌండ్‌లో ఆపేశాడు. 2023 అక్టోబరులో రియాద్‌లో యూఎఫ్‌సీ మాజీ ఛాంపియన్ ఫ్రాన్సిస్ ఎంగానూ బాక్సింగ్ పోటీలో మూడో రౌండ్‌లో బాక్సర్ టైసన్ ఫ్యూరీని నేలకూల్చి అందరినీ నివ్వెరపరిచాడు; కానీ పాయింట్లపై ఓడిపోయాడు, మరుసటి మార్చిలో ఆంథొనీ జాషువా చేతిలో రెండు రౌండ్లు దాటలేదు. నియమాలు ఎవరివో తేలకపోతే ఏమవుతుందో 1976 జూన్ 26న టోక్యోలో కనబడింది: జపాన్ రెజ్లర్ ఆంటోనియో ఇనోకి పదిహేను రౌండ్లలో అధికభాగం వెల్లకిలా పడుకుని మహమ్మద్ అలీ కాళ్లను తన్నుతూనే ఉన్నాడు, పోటీ డ్రాగా ముగిసింది.

ప్రశ్న: యూఎఫ్‌సీ ఛాంపియన్‌గా వెలిగిన రోండా రౌసీని మీడియా అనవసరంగా ఆకాశానికెత్తిందని, నిజానికి ఆమెకు ఏమీ రాదని మా తమ్ముడు అంటాడు. మీ అభిప్రాయం?
– ఉపాధ్యాయిని, తిరుపతి

జవాబు: ఆమెకు జూడో వచ్చు, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చుకునేంతగా వచ్చు. తల్లి ఆన్‌మరియా డి మార్స్ 1984లో ప్రపంచ జూడో ఛాంపియన్. రౌసీ ప్రత్యర్థులను దగ్గరకు లాక్కుని, తుంటిపై నుంచి విసిరి, నేలను తాకేలోపే చేతిని మెలివేసేది. 2015 ఫిబ్రవరిలో ఒక టైటిల్ పోటీ 14 సెకన్లలో ముగిసింది. అప్పట్లో అభిమానులు ఆమెను పురుషులతో కూడా పోటీ పెట్టి మాట్లాడేవారు.

అదే ఏడాది నవంబరులో మెల్‌బోర్న్‌లో, 56,000 మందికి పైగా ప్రేక్షకుల ముందు, మాజీ బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్ హాలీ హోమ్ ఆమెకు దొరకలేదు. రౌసీ నేరుగా దూసుకొచ్చిన ప్రతిసారీ హోమ్ పక్కకు తప్పుకుని ఎడమచేత్తో కొట్టింది, రెండో రౌండ్‌లో తలపై తన్ని పడగొట్టింది. పట్టుకుంటే తప్ప సాగని విద్యకు, పట్టు దొరకనివ్వని అడుగులు ఎదురయ్యాయి. దూరాన్ని మూయడానికి రౌసీ దగ్గర వేరే దారి లేకపోవడం లోపమే. మీ తమ్ముడు అంతవరకు అంటే నేనూ ఒప్పుకుంటాను. కానీ అంతకుముందు వరుసగా గెలిచిన పోటీలన్నీ ఉత్తివైపోవు. నిన్నటిదాకా అజేయురాలన్న నోటితోనే మర్నాడు మోసమని అనడం, యోధురాలి గురించి కన్నా మన గురించే ఎక్కువ చెబుతుంది.

ప్రశ్న: మా ఊరి నిఖత్ జరీన్ ఎంఎంఏలోకి వస్తే రాణించగలరా?
– డిగ్రీ విద్యార్థిని, నిజామాబాద్

జవాబు: ఏ బాట ఎంచుకోవాలన్నది ఆమె ఇష్టం. 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలోనూ, 2023లో న్యూఢిల్లీలో 50 కిలోల విభాగంలోనూ ప్రపంచ ఛాంపియన్ అయిన బాక్సర్‌కు చేతివేగం, దూరంపై అదుపు కొత్తగా నేర్పనక్కర్లేదు. అయితే అమెచ్యూర్ బాక్సింగ్‌లో మూడేసి నిమిషాల మూడు రౌండ్లు. ఎంఎంఏలో ఐదేసి నిమిషాలవి మూడు, అదీ దాదాపు 4 ఔన్సుల పలుచని గ్లవ్స్‌తో. పెద్ద గ్లవ్స్ చాటున ముఖాన్ని దాచుకునే అలవాటు అక్కడ సగమే పనిచేస్తుంది.

మన దేశం నుంచి వెళ్లినవారిలో యూఎఫ్‌సీలో గెలిచిన మొదటి భారతీయ మహిళ పూజా తోమర్ చైనా యుద్ధవిద్య వుషు నుంచి వచ్చారు. 2024 జూన్‌లో ఆమె నెగ్గింది న్యాయనిర్ణేతల భిన్నాభిప్రాయంతో. రెజ్లింగ్ నుంచి వచ్చిన రీతూ ఫొగాట్ 2021 డిసెంబరులో సింగపూర్‌లో ఆసియా ఎంఎంఏ సంస్థ వన్ ఛాంపియన్‌షిప్ గ్రాండ్ ప్రి ఫైనల్ దాకా వెళ్లారు. అక్కడ ఆమెను ఓడించింది ముయే థాయ్ (థాయ్ కిక్‌బాక్సింగ్) నుంచి వచ్చిన థాయ్‌లాండ్ యోధురాలు స్టాంప్ ఫెయిర్‌టెక్స్; ఓడించింది తన్నులతో కాదు, నేలమీద చేతి పట్టుతో. నిఖత్ స్థాయి బాక్సర్ ఎవరైనా ఆ బాట పడితే, మంచి శిక్షకుడు మొదటి నెలల్లో గుద్దుల జోలికే వెళ్లనివ్వడు. పంజరం గోడకు వీపు ఆనించి కింది నుంచి పైకి లేవడం నేర్పుతాడు.