ఇంట్లో ఆర్కిడ్: ఆకులు ముదురు పచ్చగా ఉన్నా పూలు ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: ఇంటి లోపల నాలుగు ఫెలనాప్సిస్ ఆర్కిడ్ కుండీలు పెంచుతున్నానండి. కొన్నప్పుడు ఉన్న పూలు రాలిపోయాక మళ్లీ పూకాడ రాలేదు. ఆకులు మాత్రం ముదురు పచ్చగా, పొడుగ్గా పెరుగుతున్నాయి. కుండీలు హాల్లో, కిటికీకి ఎదురు గోడ దగ్గర ఉన్నాయి. పగలు గదిలో వెలుతురు బాగానే ఉంటుంది, సాయంత్రం ట్యూబ్‌లైటు కూడా వేస్తాం. భాస్వరం ఎక్కువున్న ఎరువు ఇచ్చినా ఫలితం లేదు. ఇంకేం వెయ్యమంటారు?

జవాబు: ప్రస్తుతానికి ఇంకేమీ వెయ్యకండి. మీరు చెప్పిన లక్షణాలన్నీ వెలుతురు చాలడం లేదనే చెబుతున్నాయి. మిగతా పంటల్లో ముదురు పచ్చ ఆకు కనిపిస్తే సంతోషిస్తాం కానీ, ఆర్కిడ్‌లో అది జాగ్రత్తపడాల్సిన గుర్తు. వెలుతురు తక్కువైనప్పుడు మొక్క దొరికిన కాస్త కాంతినీ పట్టుకోవడానికి పత్రహరితం పెంచుకుంటుంది, ఆకు నల్లపచ్చగా మారుతుంది. ఆకు పొడవు సాగి మెత్తగా వాలుతుంది. సరిపడా వెలుతురు అందే ఫెలనాప్సిస్ ఆకు కొంచెం లేత పచ్చగా, దళసరిగా, గట్టిగా ఉంటుంది. పూయడానికి కావలసిన పిండిపదార్థం ఆకులో తయారు కావాలంటే కాంతి ఉండాల్సిందే. ఆ లోటును భాస్వరం తీర్చలేదు.

గదిలో వెలుతురు బాగానే ఉందని మీకు అనిపించడం సహజం. తక్కువ కాంతికి మన కన్ను ఇట్టే సర్దుకుంటుంది, మొక్క సర్దుకోలేదు. లెక్కలో చూస్తే తేడా అర్థమవుతుంది. మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఎండ సుమారు లక్ష లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) ఉంటుంది. ఫెలనాప్సిస్‌కు అందులో పదో వంతు లేదా కాస్త ఎక్కువ, అంటే 10,000 నుంచి 15,000 లక్స్ చాలు. ఆర్కిడ్‌లలో తక్కువ వెలుతురుతో సరిపెట్టుకునే రకాల్లో ఇదొకటి. కాట్లియాకు 20,000 నుంచి 30,000 దాకా కావాలి, వాండాకు అంతకన్నా ఎక్కువే. ట్యూబ్‌లైటు వేసిన మామూలు గదిలో మాత్రం కొన్ని వందల లక్స్‌కు మించి ఉండదు. అందుకే ఎదురు గోడ దగ్గరున్న మొక్క బతుకుతుంది, కొత్త ఆకు కూడా వేస్తుంది, పువ్వు మాత్రం ఇవ్వదు.

కుండీ పెట్టాల్సిన చోటు ఎలా తెలుస్తుందంటారా? ఆకులున్న ఎత్తులో మీ తల పెట్టి చూడండి. అక్కడి నుంచి కిటికీలో ఆకాశం ఎంత ఎక్కువ కనిపిస్తే, మొక్కకు అంత ఎక్కువ వెలుతురు అందుతుంది. బయట చెట్టో, పక్క గోడో, సన్‌షేడో అడ్డంగా ఉంటే ఎంత పెద్ద కిటికీ అయినా లాభం తక్కువే. తర్వాత మధ్యాహ్నం పూట అక్కడ తెల్ల కాగితం పరిచి, దానికి అడుగు ఎత్తున చెయ్యి చాచండి. నీడ అంచులు మసగ్గా ఉండి, చెయ్యి ఆకారం తెలుస్తుంటే ఫెలనాప్సిస్‌కు సరైన చోటు. నీడే పడకపోతే చాలదు. నల్లగా, అంచులు తెగినట్టు స్పష్టంగా పడితే ఎండ ఎక్కువ, పల్చటి తెల్ల కర్టెన్ వెయ్యాలి. ఫోన్‌లోని లక్స్ మీటర్ యాప్ కచ్చితంగా చెప్పకపోయినా, ఏ చోటు మెరుగో పోల్చుకోవడానికి పనికొస్తుంది.

తూర్పు కిటికీ దొరికితే అదే మంచిది, ఉదయపు ఎండ ఆకును కాల్చదు. పడమటి కిటికీలో మధ్యాహ్నం దాటాక వచ్చే ఎండకు తెర తప్పనిసరి. కిటికీ అద్దం మీద దుమ్ము తుడవండి, ఆకులనూ తడిగుడ్డతో తుడవండి. చిన్న పనిలా అనిపిస్తుంది కానీ తేడా బాగా తెలుస్తుంది.

ఒక్క విషయంలో తొందరపడకండి. ఇన్నాళ్లూ నీడలో ఉన్న ఆకును ఒక్కసారిగా ఎండలో పెడితే మాడిపోతుంది. ముందు తెల్లగా పాలిపోయిన మచ్చ పడి, తర్వాత అది ఎండి గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ మచ్చ మళ్లీ పచ్చబడదు. రెండు మూడు వారాల్లో కొంచెం కొంచెంగా కిటికీ దగ్గరకు జరపండి. మధ్యాహ్నం ఆకును ముట్టుకోండి, చేతికి వేడిగా తగిలితే వెనక్కి జరపండి. ఆకు అంచులు ఎర్రబారినా, మొత్తంగా పసుపు తిరిగినా వెలుతురు మించిందనే అనుమానించాలి.

కిటికీ దగ్గర వీలుకాకపోతే ఎల్‌ఈడీ లైట్లతో నిక్షేపంగా పూయించవచ్చు. మామూలు తెల్ల ఎల్‌ఈడీ ట్యూబులు రెండు పక్కపక్కన బిగించి, ఆకులకు 15 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంచండి. దూరం పెరిగేకొద్దీ కాంతి చాలా వేగంగా పడిపోతుంది కాబట్టి సీలింగ్‌కు ఉన్న లైటును లెక్కలోకి తీసుకోవద్దు. ఊదారంగు గ్రో లైట్లూ పనిచేస్తాయి. నేనైతే తెల్లవే వాడమంటాను, ఊదా వెలుగులో ఆకు అసలు రంగు కనిపించక తెగులు వచ్చినా ఆలస్యంగా తెలుస్తుంది. రోజుకు 12 నుంచి 14 గంటలు చాలు, టైమర్ పెట్టుకోండి. రాత్రంతా వేసి ఉంచితే మేలు జరగదు. ఈ మొక్క ఆకు రంధ్రాలను ప్రధానంగా రాత్రిపూట తెరిచి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుంటుంది. దానికి చీకటి కావాలి.

వెలుతురు పెరిగాక కుండీ త్వరగా ఆరుతుంది. రోజు లెక్కన నీళ్లు పొయ్యకుండా వేర్లను చూసి పొయ్యండి. పచ్చగా ఉంటే ఆగండి, వెండిరంగుకు తిరిగితే పొయ్యండి. కొత్త ఆకో వేరో మొదలయ్యాక, అన్ని పోషకాలూ సమంగా ఉన్న ఎరువును పల్చగా కలిపి ఇవ్వండి.

పూకాడకు వెలుతురుతో పాటు కాస్త చల్లదనమూ కావాలి. గది వేడి 28 డిగ్రీలు దాటి ఉంటే ఫెలనాప్సిస్ కాడ వెయ్యదు. 25 డిగ్రీల లోపు వాతావరణం కొన్ని వారాలు వరుసగా ఉండాలి. కాబట్టి చల్లటి రోజులు వచ్చేలోపే కుండీలను వెలుతురుకు అలవాటు చెయ్యండి. ఆ తర్వాత ఆకు మొదళ్ల దగ్గర గమనిస్తూ ఉండండి. అక్కడ వచ్చే కొత్త మొలక కొన గుండ్రంగా, నున్నగా ఉంటే అది వేరు. కాస్త చదునుగా, కొన ఒకవైపు మొనతేలి కనిపిస్తే పూకాడ. కాడ కనిపించిన రోజు నుంచి కుండీని తిప్పకండి. కాడ వెలుతురు వైపు వంగుతూ పెరుగుతుంది, మీరు తిప్పినప్పుడల్లా దిశ మార్చుకుని మెలికలు పడుతుంది, పూలు తలోవైపు తిరిగి విచ్చుకుంటాయి.