బోర్బన్ బిస్కెట్లు ఇంట్లో చేయబోయే మా అమ్మడికి

అమ్మడూ,

బాబు పుట్టినరోజుకి ఈసారి క్రీమ్ బిస్కెట్లు నువ్వే చేస్తానన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది, నాకు భలే సంతోషమేసింది. బోర్బన్‌తో మొదలుపెట్టు. గుండ్రంగా కోసే అచ్చులు అక్కర్లేదు, చాకూ స్కేలూ ఉంటే చాలు.

ముందు ఒక్క మాట బుర్రలో పెట్టుకో. ఈ బిస్కెట్‌కి శత్రువు తడి. బిస్కెట్‌లో తేమ మిగలకూడదు, క్రీమ్‌లో నీళ్లు చేరకూడదు. మిగతా జాగ్రత్తల్లో చాలావరకు దీని కోసమే.

కొలతలు గ్రాముల్లో తీసుకో, కప్పుల లెక్క వద్దు, ఎందుకంటే మైదా నొక్కి నింపితే ఒక బరువు, వదులుగా పోస్తే ఇంకో బరువు తూగుతుంది. వెన్న 100 గ్రాములు, పొడి చేసిన పంచదార 80, మైదా 160, కోకో 30. ఉప్పు కలిపిన వెన్నయితే మళ్లీ ఉప్పు వేయకు. వెన్న కరిగించొద్దు, వేలితో నొక్కితే దిగేంత మెత్తగా ఉంటే చాలు. పంచదారతో కలిపి గిలక్కొట్టి, మైదా, కోకో జల్లించి వేసి ముద్ద అయ్యేదాకా మాత్రమే కలుపు. చపాతీ పిండిలా మర్దించావంటే సాగుడొచ్చి బిస్కెట్ గట్టిపడుతుంది. పిండి విడిపోతుంటే ఒక చెంచా చల్లటి పాలు, అంతకు మించొద్దు.

రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి 4 మిల్లీమీటర్ల మందాన ఒత్తి, ఆ పేపర్లతోనే అరగంట ఫ్రిజ్‌లో పెట్టు. ఇది మాత్రం మానొద్దు, మన ఇళ్లలో వేడికి వెన్న వదులైపోయి కోసిన అంచులు చెదిరిపోతాయి. తర్వాత 6 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు ముక్కలు కోసి, ఫోర్క్‌తో అడుగుదాకా గుచ్చు. ఆ చిల్లులు అందానికి కాదు, పిండిలో ఆవిరి వాటిలోంచి పోతేనే బిస్కెట్ పొంగకుండా చదునుగా ఉంటుంది. చదునుగా లేకపోతే రెండూ అతుక్కోవు కదా. సగం ముక్కల మీద కాస్త పంచదార చల్లి చేత్తో అద్దు, అవి పైకొస్తాయి. ఈ కొలతకి ఇరవై జతల దాకా వస్తాయి.

ఓటీజీ, అదే మన కరెంటు ఓవెన్, 170 డిగ్రీల దగ్గర కనీసం 15 నిమిషాలు ముందే వేడెక్కాలి. ట్రే మధ్య అరలో పెట్టి 12 నుంచి 14 నిమిషాలు. కోకో వల్ల పిండి ముందే నల్లగా ఉంటుంది, రంగు చూసి కాలిందో లేదో చెప్పలేం, కాబట్టి అంచు మీద వేలు పెట్టి చూడు. అంచు గట్టిపడి, మధ్యలో ఇంకొంచెం మెత్తగా ఉన్నప్పుడే తీసెయ్. కరకరలాడటం చల్లారాక వస్తుంది, ఓవెన్‌లోనే వచ్చేదాకా ఆగితే చేదెక్కుతుంది. మాడు వాసన వచ్చాక చేయగలిగిందేమీ లేదు.

ఇక చల్లార్చడం. పైకి చల్లగా అనిపించినా లోపల వేడి ఉంటుంది, ఆ వేడికి క్రీమ్ కారిపోతుంది. నన్నడిగితే ఒకరోజు కాల్చి డబ్బాలో పెట్టుకుని, మర్నాడు పొద్దున్నే ఇల్లు చల్లగా ఉన్నప్పుడు క్రీమ్ పెట్టుకో. రాత్రికి మెత్తబడ్డాయా, 150 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు పెట్టి మళ్లీ పూర్తిగా చల్లార్చు.

క్రీమ్‌కి ఉప్పులేని వెన్న 40 గ్రాములు, పంచదార పొడి 90, కోకో ఒక చెంచా. పంచదార మిక్సీలో పట్టి ఊరుకుంటే పంటికింద గరగరలాడుతుంది, పల్చటి గుడ్డలో జల్లించు, ఓపికుంటే రెండుసార్లు. క్రీమ్ పల్చనైతే పాలపొడి కలుపు. గట్టిగా అనిపించిందని మాత్రం పాలు పోయకు, చేత్తో ఇంకాసేపు మెదుపు, అదే మెత్తబడుతుంది. కడిగి ఆరబెట్టిన పాల కవర్ మూల కత్తిరించి అందులో నింపి, బిస్కెట్ అడుగు వైపున గీత గీసినట్టు పిండు. అంచుల దాకా పోవద్దు. పైన రెండోది పెట్టి మధ్యలో నెమ్మదిగా నొక్కితే క్రీమ్ తనే అంచుకొస్తుంది.

ఈ బిస్కెట్ 1910లో లండన్‌లో పీక్ ఫ్రీన్ కంపెనీ తెచ్చింది, అంటే చలి ఊళ్లో పుట్టింది. వెన్నేమో 35 డిగ్రీల దగ్గరకొచ్చేసరికే కరిగిపోతుంది, మన విజయవాడ ఎండలు నీకు తెలియనివా? కొన్న బిస్కెట్లలో సాధారణంగా వెన్న బదులు గట్టి వంటకొవ్వు వాడతారు, అందుకే అవి కొట్లో బయటే ఉన్నా కారవు. మనం ఇంట్లో వెన్నతోనే చేద్దాం, రుచి దానిదే. క్రీమ్ పెట్టిన వెంటనే 20 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, తర్వాత గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లోనే ఉంచు, తినే ముందు పది నిమిషాలు బయటపెట్టు. నాలుగైదు రోజులు బాగుంటాయి.

బాబు జామ్ పెట్టమంటున్నాడట. పెట్టొచ్చు, కానీ జామ్‌లో తడి ఎక్కువ, తెల్లారేసరికి బిస్కెట్ నాని మెత్తబడిపోతుంది. జామ్‌ని గిన్నెలో వేసి చెంచా నుంచి జారనంత చిక్కబడేదాకా ఉడికించి, పూర్తిగా చల్లార్చి, పిల్లలు వచ్చే గంట ముందు పెట్టు. ఆ జామ్ జతలు మాత్రం ఆ రోజే తినెయ్యండి.

మీ పెద్దమ్మ