జెండర్, పబ్లిక్ పాలసీ చదివితే ఉద్యోగం వస్తుందా?

ఒక తల్లి అడిగారు: "మా అమ్మాయి బీఏ ఎకనామిక్స్ చేసింది, ఇప్పుడు జెండర్, పబ్లిక్ పాలసీలో మాస్టర్స్ చేస్తానంటోంది. ఫెమినిస్ట్ ఎకనామిక్స్ అంటే నాకేమో ఉద్యమాలు చేసేవాళ్ళ చదువులా అనిపిస్తోంది. నేను ఇంట్లోనే ఉంటాను, ఏ పనీ చెయ్యను, నాకివి తెలీవు. ఉద్యోగం వస్తుందా?"

మేడం, మీరు "ఏ పనీ చెయ్యను" అన్నారు చూడండి, మీ అమ్మాయి చదవాలనుకుంటున్న సబ్జెక్ట్ సరిగ్గా ఆ మాట దగ్గరే మొదలవుతుంది. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి మీరు చేసే వంట, ఇంటిపని, పెద్దవాళ్ళని చూసుకోవడం ఇవేవీ జీడీపీలోకి రావు, అదే పని ఇంకొకళ్ళ ఇంట్లో జీతానికి చేస్తే వస్తుంది. న్యూజిలాండ్‌లో ఎంపీగా చేసిన మారిలిన్ వేరింగ్ 1980ల్లోనే దీని మీద గట్టిగా పోట్లాడారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో 64 దేశాల సర్వేలు చూసి లెక్కేస్తే, ఇలా జీతం లేని పని రోజుకి 1640 కోట్ల గంటలు తేలింది, అందులో నాలుగింట మూడొంతులు ఆడవాళ్ళదే.

మరి ఈ లెక్కతో ఏం పని అంటారా? ఖర్చు తగ్గించడానికి ఆస్పత్రిలో పేషెంట్లని రెండ్రోజులు ముందే ఇంటికి పంపించేస్తున్నారు అనుకోండి, బడ్జెట్లో అది ఆదాగా కనిపిస్తుంది, కానీ ఆ సేవ ఇంట్లో ఎవరో ఒకరు చెయ్యాలి కదా, ఎక్కువసార్లు అది భార్యో కూతురో కోడలో, దానికోసం ఆమె పని మానేస్తే పోయిన జీతం ఏ పద్దులోనూ ఉండదు. అంటే ఖర్చు తగ్గలేదు, ఆమె మీదకి జరిగింది అంతే. బడ్జెట్‌ని ఇలా చూడటాన్నే జెండర్ బడ్జెటింగ్ అంటారు, 1984లో ఆస్ట్రేలియా మొదలుపెట్టింది, తర్వాత చాలా దేశాలు పట్టుకున్నాయి. దేశాల్లో చదువు, ఆరోగ్యం, ఆదాయం ఎలా ఉన్నాయో కొలిచే ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి సూచీ కూడా అంతే, 1990లో వచ్చినప్పుడు అది దేశం మొత్తానికి సగటు, ఆడామగా తేడా అందులో కనపడట్లేదని 1995లో రెండు, 2010లో ఇంకొకటి వేరే సూచీలు తెచ్చారు.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. గణాంక శాఖలు, ఆర్థిక శాఖల్లో జెండర్ బడ్జెట్ విభాగాలు, రీసెర్చ్ సంస్థలు, ఎన్జీవోల్లో మానిటరింగ్ పనులు, ఐక్యరాజ్యసమితిలో ఆడవాళ్ళ కోసం పనిచేసే యూఎన్ విమెన్ లాంటివి ఉన్నాయి. కానీ ఒకటి ఓపెన్‌గా చెప్తాను, మొదట్లో చాలావరకు ప్రాజెక్ట్ కాంట్రాక్టులే, ఏడాదో రెండేళ్ళో, ఐక్యరాజ్యసమితి పోస్టులకైతే మాస్టర్స్‌తో పాటు అనుభవం కూడా అడుగుతారు. ఆ కాంట్రాక్టుల్లో నిలబడేది డేటాతో పని చెయ్యగల వాళ్ళే, అందుకే కాలేజీ పేరు కన్నా ముందు సిలబస్ చూడమనండి. స్టాటిస్టిక్స్, ఎకనామెట్రిక్స్ (ఆర్థిక డేటాని గణాంకాలతో విశ్లేషించడం), సర్వే డిజైన్ ఉండి, డేటా లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్లు ఆర్ గానీ స్టాటా గానీ నేర్పిస్తే చేరమనండి. థియరీ పేపర్లే ఉంటే నేనైతే వద్దంటాను. అలా అని థియరీ అక్కర్లేదని కాదు, సర్వేలో "మీరు పని చేస్తారా" అని అడిగితే మీలాంటి వాళ్ళు లేదనే అంటారు, "నిన్న పొద్దున్నుంచి ఏమేం చేశారు" అని అడిగితే వేరే నంబర్ వస్తుంది, ఆ ప్రశ్న మార్చాలని తట్టడానికే థియరీ కావాలి.

అప్లికేషన్ రాసేలోపు మీ అమ్మాయిని ఒక వారం పాటు ఇంట్లో అందరి టైమ్ డైరీ అరగంటకోసారి రాయమనండి, మీది, వాళ్ళ నాన్నగారిది, తనది కూడా. ఒకే టైమ్‌లో రెండు పనులు చేస్తుంటే రెండూ రాయాలి. అదయ్యాక ఆ షీటూ, తను చూస్తున్న కోర్సుల సిలబస్‌లూ పట్టుకుని ఇద్దరూ కలిసి రండి, ఎందులో చేరాలో కూర్చుని చూద్దాం.