రాత్రి రెండింటికి లేచే బిడ్డకు

బిడ్డా,

మొన్న ఫోన్‌లో నువ్వు చెప్పింది మీ పెద్దమ్మకు చెప్పలేదు. చెప్తే అచ్చంపేటలో బస్సెక్కి నేరుగా దిల్‌సుఖ్‌నగర్‌లో నీ హాస్టల్ ముందు దిగుతుంది. రాత్రి రెండింటికి మెలకువ రావడం, గుండె దడ, ఈసారి కూడా గ్రూప్స్ పోతే నాన్న ముఖం ఎట్ల చూడాలన్న ఆలోచన, ఇవేవీ నాకు కొత్త కాదు. కానీ చివర్లో ఒక మాటన్నావు. "ప్రార్థన చేసినా టెన్షన్ పోవట్లేదు పెద్దనాన్నా, నాకు విశ్వాసం లేదేమో." ఆ మాట కోసమే ఈ ఉత్తరం.

విశ్వాసం ఉన్నవాళ్లకు భయం రాదని నీకెవరు చెప్పారో గాని, వాళ్లు గెత్సేమనే తోట సంగతి సరిగ్గా చదవలేదు. లూకా 22 తీసి చూడు. సిలువకు ముందు రాత్రి అక్కడ ప్రార్థన చేస్తుంటే ప్రభువుకే చెమట రక్తపు బిందువుల్లా కారింది. ఆ శ్రమల గిన్నె తొలగించమని తండ్రిని అడిగాడు కూడా.

నా సంగతి నీకు కొంత తెలుసు. అప్పు తెచ్చి మూడు బోర్లు వేయించాను, మూడింట్లోనూ దుమ్మే లేచింది. ఆ ఏడాది రోజూ మోకాళ్లూనేవాణ్ని. లేచేసరికి వణుకు ఇంకా ఎక్కువయ్యేది. నేను చేస్తున్నది ప్రార్థన కాదని, దేవుని ముందు కూర్చుని అప్పు లెక్కపెట్టుకోవడమని చాలా ఆలస్యంగా తెలిసింది. పైగా ఉగాదిలోపు దారి చూపించాలని ఆయనకే గడువు! షావుకారు నాకు పెట్టిన గడువునే తీసుకెళ్లి దేవునికి పెట్టాను.

అప్పుడు మన చర్చి అయ్యగారు ఫిలిప్పీ పత్రిక 4వ అధ్యాయం తీయమన్నారు. "దేనినిగూర్చియు చింతపడకుడి" నాకు కంఠస్థమే. "సరే, ఏడో వచనంలో ఏమిస్తానని ఉంది?" అన్నారు. చూస్తే, అడిగింది ఇస్తానని లేదు. దేవుని సమాధానం, అంటే ఆయనిచ్చే శాంతి, "మీ హృదయములకును మీ తలంపులకును కావలియుండును" అని ఉంది. పౌలు అది రాసింది చెరలో, బంధకాల్లో ఉండి. ఫిలిప్పీ రోమా మాజీ సైనికులు స్థిరపడిన పట్నం, వాళ్లకు కావలి అంటే సైనికుల పహరా. నాకు మాత్రం మన మక్కచేను గుర్తొచ్చింది.

మంచె మీద పడుకుంటాం కదా, అడవిలో పందులు లేకుండా చేయడం మన చేతిలో ఉందా? అవి గట్టు దాకా రానే వస్తాయి. డబ్బా కొట్టి, లైటు వేసి, చేనులోకి దిగనియ్యం. అంతే. భయం గట్టు మీదికి వచ్చినంత మాత్రాన కావలి లేదని కాదు బిడ్డా. పందులే లేకుండా చెయ్యి ప్రభువా అని అడగడం ఆ రోజుతో మానేశాను.

రాత్రి మెలకువ వస్తే ఫోన్ ముట్టుకోకు. నోట్‌బుక్ తీసి ఏ భయమో పేరు పెట్టి రాయి. "ఎగ్జామ్ టెన్షన్" అని రాస్తే కుదరదు. "ఎకానమీ రెండోసారి చదవలేదు", "హాస్టల్ ఫీజుకు నాన్న ఎక్కడ అప్పు చేస్తున్నాడో", ఇట్ల రాయి. ఒక్కోటి మన ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే ఆయనకు చెప్పు. రేపు నువ్వు చేయగలిగింది ఏదైనా ఉంటే పక్కన టిక్ పెట్టు, అది నీ పని. మిగతావి ఆయనకు వదిలెయ్. పొద్దున్నే మళ్లీ వెనక్కి తెచ్చుకుంటావు, నేనూ తెచ్చుకునేవాణ్ని. మళ్లీ అప్పజెప్పు. ఆ "చింతపడకుడి" వచనంలోనే "కృతజ్ఞతాపూర్వకముగా" అని ఒక మాట ఉంది, అందరం దాటేస్తాం. నాకు మొదట్లో ఏమీ దొరక్క, "ఇవాళ కరెంటు పోలేదు, స్తోత్రం" అన్న రోజులున్నాయి. నవ్వకు. అసలు మాటలే రాకపోతే 13వ కీర్తన చదువు, ఆరే వచనాలు. ఇంకా ఎన్నాళ్లు నన్ను మరచిపోతావు యెహోవా అని దావీదే నిలదీశాడు, మనం అడిగితే తప్పేంటి?

ఇంకోటి. చచ్చిపోతానన్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చి, లేపి, రొట్టె తినమన్నాడు, అదీ రెండుసార్లు. మొదటి రాజులు 19లో ఉంది. నువ్వేమో చాయ్ బిస్కెట్‌తో రోజు గడిపి ఉపవాస ప్రార్థన అంటున్నావు. పరీక్ష అయ్యేదాకా ఉపవాసాలు వద్దు. మీ అమ్మ కోప్పడితే నా పేరు చెప్పు.

ఇంకో రెండు వారాలు చూసినా నిద్ర పట్టకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లు. నేను షుగరు గోళీ మింగుతున్నానని నా విశ్వాసం తగ్గిందా? మనసు బాగోలేనివాళ్లు ఫోన్ చేసి మాట్లాడడానికి టెలి మానస్ అని ప్రభుత్వానిది 14416 నంబరు ఉంది, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. బతకాలని లేదు అనిపిస్తే మాత్రం పొద్దుటిదాకా ఆగకు, పక్క గది పిల్లను లేపు, నన్నూ లేపు.

ఆ బోర్లు ఇప్పటికీ ఎండినవే. అప్పు తీరడానికి ఆరేళ్లు పట్టింది, అందులో మీ నాన్న ఇచ్చిన పైసలూ ఉన్నాయి. నిద్ర మాత్రం రెండో ఏడే పట్టింది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఫోన్ చెయ్యి, ఏం తిన్నావో ముందు అది చెప్పు. కంకులు పాలు పట్టాయి, మంచెకు పోవాలి. టార్చిలో సెల్లు అయిపోయాయట, మీ పెద్దమ్మ వెతుకుతోంది.

మీ పెద్దనాన్న