హెచ్చరికలు నాలుగు వందలు, చూసేవాళ్లు ఇద్దరు

ప్రశ్న: మాది రొయ్యల ఎగుమతి కంపెనీ. చెరువుల వివరాలు, లాట్ నంబర్లు, ల్యాబ్ రిపోర్టులు అన్నీ అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ ముంబై రీజియన్‌లో (అక్కడి డేటా సెంటర్లలో) ఉన్నాయి. దాని భద్రతా సేవలు గార్డ్‌డ్యూటీ, సెక్యూరిటీ హబ్ అన్ని రీజియన్లలో ఆన్ చేస్తే వారంలో 400 పైగా హెచ్చరికలు వచ్చాయి. ఐటీలో ఇద్దరమే. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: ముందు ఆ రెంటినీ విడదీయండి. ఎవరో లోపలికి వచ్చినట్టున్నారని చెప్పేది గార్డ్‌డ్యూటీ. తలుపు గడియ వేయలేదని చెప్పేది సెక్యూరిటీ హబ్. రెండూ ఒకే మెయిల్‌కు వస్తుంటే రెండోదాని గోలలో మొదటిది మునిగిపోతుంది.

ఆ 400లో చాలావరకు ఒకే తప్పు పదేపదే లెక్కకొచ్చి ఉంటుంది. మీరు వాడని రీజియన్లలో కూడా డిఫాల్ట్ వీపీసీ (ముందే సిద్ధంగా ఉండే ప్రైవేటు నెట్‌వర్క్), దానికో డిఫాల్ట్ సెక్యూరిటీ గ్రూప్ (రాకపోకల నియమాలు) ఉంటాయి. సెక్యూరిటీ హబ్ తనిఖీలో రీజియన్‌కొకటి చొప్పున ఫెయిల్ పడుతుంది. వాడని వీపీసీలు తీసేస్తే అవి పోతాయి. అయితే ఆ రీజియన్లలో గార్డ్‌డ్యూటీని మాత్రం ఆపకండి. తాళంచెవి దొంగిలించినవాడు క్రిప్టో మైనింగ్‌కు ఎంచుకునేది మీరు తొంగిచూడని రీజియన్‌నే.

తరవాత ఈ వరసలో వెళ్లండి: రూట్ ఖాతాకు (అన్ని అధికారాలున్న అసలు ఖాతాకు) ఎంఎఫ్ఏ, అంటే పాస్‌వర్డ్‌కు తోడు రెండో తనిఖీ, ఉందా, రూట్ పేరున యాక్సెస్ కీ (ప్రోగ్రాములు లాగిన్‌కు వాడే తాళంచెవి) మిగిలి ఉందా (ఉంటే ఇవాళే తీసేయండి), సర్వర్లలోకి దూరం నుంచి లాగిన్ అయ్యే 22, 3389 పోర్టులు 0.0.0.0/0కి, అంటే ఇంటర్నెట్ అంతటికీ, తెరిచి ఉన్నాయా, ఫైళ్లు దాచే ఎస్3 బకెట్లలో ఏదైనా పబ్లిక్‌గా ఉందా. 2023 ఏప్రిల్ నుంచి కొత్త బకెట్లకు పబ్లిక్ యాక్సెస్ దానంతటదే మూసి ఉంటుంది. కాబట్టి ప్రమాదం ఎక్కువగా అంతకుముందు తెరిచిన పాత బకెట్లతోనే.

గోదావరి వరదకు ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు ఒకటో హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అంగుళానికో సైరన్ మోగితే లంకల్లో ఎవరూ పట్టించుకోరు. మీరూ అలాగే గీత గీయండి: గార్డ్‌డ్యూటీ తీవ్రత 7, ఆపైన ఉంటే ఈవెంట్‌బ్రిడ్జ్ (హెచ్చరికను రూల్ ప్రకారం దారి మళ్లించేది), ఎస్ఎన్ఎస్ (దాన్ని సందేశంగా పంపేది) మీదుగా వెంటనే ఫోన్‌కు రావాలి. మిగతావి సోమవారం పొద్దున ఒకసారి చూస్తే చాలు.

ఇక్కడ మూడు చోట్ల దెబ్బతింటారు. ఎస్ఎన్ఎస్ పంపిన నిర్ధారణ మెయిల్‌లో లింకు నొక్కకపోతే హెచ్చరిక రానే రాదు. ఈవెంట్‌బ్రిడ్జ్ రూల్ ఏ రీజియన్‌లో రాస్తే ఆ రీజియన్‌కే పనిచేస్తుంది. ముంబైలో రాసినది హైదరాబాద్ రీజియన్‌కు వర్తించదు. ఇక పాత హెచ్చరికే మళ్లీ జరిగితే, ఆ కబురు మామూలుగా 6 గంటలకోసారి వస్తుంది. సెట్టింగ్స్‌లో దాన్ని 15 నిమిషాలకు తగ్గించండి. అంతా అయ్యాక అక్కడే ఉన్న నమూనా ఫైండింగ్స్ బటన్ నొక్కి, ఫోన్ మోగిందో లేదో చూసుకోండి. మోగకపోతే ఇంతసేపు చేసిందంతా వృథా.

ప్రశ్న: అమెరికా కస్టమర్ మమ్మల్ని సాక్ 2 టైప్ 2 రిపోర్ట్ (డేటా భద్రత నియమాలు పాటిస్తున్నామని ఆడిటర్ ఇచ్చే నివేదిక) అడిగారు. ఒక కంప్లయన్స్ టూల్ అమ్మేవాళ్లు రెండు వారాల్లో చేతికిస్తామంటున్నారు. నమ్మొచ్చా?
– ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ నిర్వాహకురాలు, కాకినాడ

జవాబు: నమ్మకండి. రిపోర్ట్ మీద సంతకం పెట్టేది టూల్ కాదు, ఆడిటర్. టైప్ 1 అయితే ఫలానా తేదీన నియమాలు సరిగా ఉన్నాయా అని చూస్తారు. టైప్ 2లో కొన్ని నెలలపాటు, మామూలుగా 3 నుంచి 12, అవి నిజంగా అమలయ్యాయా అని చూస్తారు. ఆ నెలలను ఏ టూలూ కుదించలేదు.

టూల్ వల్ల ఉపయోగం లేదని కాదు. స్క్రీన్‌షాట్లు పోగేసే చాకిరీ తప్పుతుంది. కానీ క్లౌడ్‌లో కనపడనివి అది చూడలేదు: బ్యాకప్ నుంచి డేటా తిరిగి తెచ్చి చూశారా, మానేసిన ఉద్యోగి లాగిన్ ఎప్పుడు తీశారు లాంటివి. చాలామంది ఈ రెండోదాంట్లోనే దొరికిపోతారు. గొప్పగా ఉంటుందని పాలసీలో 24 గంటలని రాసుకుంటారు, తీసేసరికి వారం పడుతుంది. చేయగలిగిందే రాయండి.

టూల్‌కు అడ్మిన్ అధికారం ఇవ్వకండి. ఏడబ్ల్యూఎస్‌లోని సెక్యూరిటీఆడిట్ పాలసీతో చదవడానికి మాత్రమే పనికొచ్చే రోల్, దానికో ఎక్స్‌టర్నల్ ఐడీ (ఆ రోల్‌ను ఇంకొకరి తరఫున వాడకుండా ఆపే గుర్తు) ఇవ్వండి. అంతకుమించి ఎందుకు కావాలో రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: మా ఆసుపత్రి రికార్డులు క్లౌడ్‌లో ఉన్నాయి. లాగ్‌లు (ఎవరెప్పుడు ఏం చేశారో చెప్పే నమోదులు) ఎన్నాళ్లు దాచాలి?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం కనీసం 180 రోజులు. చొరబాటు లాంటి ఘటన తెలిసిన 6 గంటల్లోపు వాళ్లకు తెలపాలి. మీది ఏడబ్ల్యూఎస్ అయితే, లాగ్‌లు రాసే క్లౌడ్‌ట్రైల్ తెరమీద కనిపించే చరిత్ర 90 రోజులదే, అందుకని ట్రైల్ సృష్టించి ఎస్3లోకి మళ్లించండి. రోగి ఫైలు ఎవరు తెరిచారో తెలియాలంటే డేటా ఈవెంట్లు (ఒక్కో ఫైలు చదవడం, రాయడం నమోదు) విడిగా ఆన్ చేయాలి. మామూలుగా అవి ఆఫ్‌లో ఉంటాయి, ఆన్ చేస్తే ఖర్చు పెరుగుతుంది కాబట్టి రోగుల రికార్డులున్న బకెట్‌కు మాత్రమే పెట్టుకోండి. లాగ్ బకెట్ వేరే ఖాతాలో, ఆబ్జెక్ట్ లాక్‌తో (గడువులోపు చెరపకుండా వేసే తాళంతో) ఉండాలి. లోపలికొచ్చినవాడి చెయ్యి ముందు పడేది లాగ్‌లమీదే.