బాబుకి మందు మొదలుపెట్టాలా?

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) అని మిథైల్‌ఫెనిడేట్ అనే మందు రాశారు. అలవాటైపోయి జీవితాంతం వాడాల్సి వస్తుందేమోనని భయంగా ఉంది.

జవాబు: డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే ఆ భయం అక్కర్లేదమ్మా. మామూలు మాత్ర ప్రభావం మూడు నాలుగు గంటలే. సాధారణంగా 5 మి.గ్రా.తో మొదలుపెట్టి, వారం వారం గమనిస్తూ పెంచుతారు. ముందే ఎత్తు, బరువు, బీపీ, నాడి చూపించండి. మీ కుటుంబంలో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు వచ్చి ఉంటే దాచకుండా చెప్పండి.

ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఆకలి మందగించడం. అందుకే ఉదయం కడుపునిండా తిన్నాకే మాత్ర వేయండి. మందు ప్రభావం దిగాక, రాత్రి మళ్లీ ఆకలేస్తుంది, అప్పుడు ఇంకాస్త పెట్టండి. సాయంత్రం వేస్తే నిద్ర పట్టదు. టీచరుతో వారానికోసారి మాట్లాడండి, మార్పు ముందుగా క్లాసులోనే కనిపిస్తుంది. పిల్లాడు ఆటపాటలు మాని బొమ్మలా కూర్చుంటే మోతాదు ఎక్కువై ఉండొచ్చు. వెంటనే డాక్టరుకు చెప్పండి.