కవిత మూడు నిమిషాలు దాటిపోతుంటే

ఇంట్లో సరిగ్గా 3 నిమిషాలకు అయిపోయే కవిత స్టేజీ మీద మూడున్నర దాకా సాగి, స్లామ్‌లో, అంటే స్టేజీ మీద కవితలు చదివే పోటీలో, మార్కులు పోతున్నాయని రాశారు. జనం చప్పట్లు కొట్టినప్పుడల్లా మీరు ఆగుతారు కదండీ, సమయం అక్కడే పోతోంది. 1986లో షికాగోలో మార్క్ స్మిత్ మొదలుపెట్టిన ఈ పోటీల్లో మామూలుగా 3 నిమిషాల గడువు మీద 10 సెకన్లే వెసులుబాటు. ఆపైన ప్రతి 10 సెకన్లకీ అర మార్కు కోత. కాబట్టి ఇంట్లోనే 2 నిమిషాల 40 సెకన్లకు కుదించుకోండి. వేగం మాత్రం పెంచకండి, మాట నలిగిపోతుంది. మీ కవితకు ప్రాణం అమ్మ కుట్టుమిషన్ చప్పుడు దగ్గరుంది. దాని ముందున్న ఎనిమిది పంక్తులూ ఉత్త పరిచయం, తీసేయండి. ఆ చప్పుడుతోనే మొదలుపెట్టండి. నిలబడి, గొంతెత్తి చదివి, ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. మీకే ఎక్కడ విసుగొస్తే అక్కడ కత్తెర వేయండి.